వంగపండు రంగు అరలో తేనెటీగలు

కొల్లిమర్ల అనే చిన్న పట్నంలో పానకాలు అనే పెద్దమనిషి ఉండేవాడు; ఏ వస్తువు కనపడినా తన కంటికి నచ్చినట్టు సర్దిపారేస్తే తప్ప ఆయనకు అన్నం సయించేది కాదు.

పాపం, అది ఆయన తప్పు కూడా కాదు. ముప్పై ఎనిమిదేళ్ళు చీరల కొట్లో పనిచేశాడు మరి. ఆయన సర్దిన బీరువా ముందు ఆడవాళ్ళు కొనాల్సింది మరిచిపోయి నిలబడిపోయేవాళ్ళు. నెమలికంఠం పక్కన చిలకపచ్చ, చిలకపచ్చ పక్కన మావిచిగురు, ఆ పక్కన ఉల్లిపొర. ఏ చీర ఏ ఊరి నేతో కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెప్పేవాడు. అంతటివాడు కొట్టు మానేసి ఇంట్లో కూర్చుంటే ఊరుకుంటాడా? మొదటి వారంలోనే వంటింట్లో జొరబడ్డాడు. డబ్బాలన్నీ దించి, తెల్లనివన్నీ ఒక వరస, పచ్చనివన్నీ ఒక వరస, ఎర్రనివన్నీ ఒక వరస పెట్టాడు. చూడ్డానికి పెళ్ళిపందిరిలా ఉంది. ఆ సాయంత్రం ఆయన భార్య శేషమ్మ చేసిన పాయసంలో చక్కెరకు బదులు ఉప్పు పడింది.

"మీకో దణ్ణం! ఎక్కడికన్నా పోయి కూర్చోండి. నా వంటింటి జోలికి మాత్రం రాకండి" అని శేషమ్మ చేతులెత్తేసింది.

అలా ఆయన రోజూ ఊరి గ్రంథాలయానికి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. అక్కడి అరల్ని చూస్తే ఆయనకు చేతులు దురద పుట్టేవి. సన్న పుస్తకం పక్కన లావు పుస్తకం. ఎర్ర అట్ట పక్కన బూడిదరంగు అట్ట. పైగా ప్రతి పుస్తకం వీపు మీదా ఒక తెల్ల చీటీ, దాని మీదొక నెంబరు. "రామ రామ! ఇంత మంచి సరుకును ఇలాగా పెట్టేది!" అని లోలోపలే బాధపడేవాడు.

గ్రంథాలయాధికారిణి హైమవతి కూతురి పురుడు కోసం నలభై రోజులు సెలవు పెట్టాల్సి వచ్చింది. ఊరికే కూర్చోలేని మనిషి కదా అని గ్రంథాలయ కమిటీవాళ్ళు పానకాలునే చూసుకోమన్నారు. వెళ్ళే ముందు హైమవతి ఆయన్ని కూర్చోబెట్టి మరీ చెప్పింది.

"పానకాలుగారూ, మీరేమీ కష్టపడక్కర్లేదు. అడిగిన పుస్తకం ఇవ్వండి. తిరిగొచ్చిన పుస్తకాన్ని దాని నెంబరు చూసి ఎక్కడిది అక్కడ పెట్టెయ్యండి. అంతే. ఇంకేదీ కదపకండి."

"అయ్యో, మీరు నిశ్చింతగా వెళ్ళి రండమ్మా. మీరొచ్చేసరికి చూడండి, ఎట్లా ఉంచుతానో!" అన్నాడు పానకాలు.

ఆ రెండో ముక్క ఆవిడ సరిగ్గా వినిపించుకోలేదు. వినుంటే సెలవు రద్దు చేసుకునేది.

మర్నాటి నుంచే పని మొదలైంది. ముందు తడిగుడ్డ పెట్టి చీటీలన్నీ ఒలిచేశాడు. "చీర మీద కొట్టు చీటీ వదిలేసి ఇస్తామా ఎక్కడైనా? చిన్నతనం కాదూ!" అనుకున్నాడు. మూడువేల పైచిలుకు పుస్తకాల్నీ కిందికి దించి, రంగు వారీగా విడదీసి, ఒక్కో రంగులో మళ్ళీ పొట్టివాటి నుంచి పొడుగువాటి దాకా దిగువనుంచి ఎగువకు పేర్చాడు. అట్టలు ఊడిపోయినవి నాలుగువందల దాకా తేలాయి. అన్నిటికీ వంగపండు రంగు మెరుపు కాగితం తొడిగి, ఒక పెద్ద బీరువా నిండా వాటినే పెట్టాడు. పేరు రాస్తే కాగితం అందం చెడుతుందని రాయలేదు.

తలుపు పక్కన చిన్న చిన్న సొరుగులున్న చెక్క పెట్టె ఒకటుంది. పుస్తకానికొక కార్డు చొప్పున వాటి వివరాలన్నీ అందులో ఉంటాయి. ఆ సొరుగులు ఆయనకు తెగ నచ్చాయి. కార్డులన్నీ తీసి, ఏ సొరుగువి ఆ సొరుగుగా పురికొసతో కట్టలు కట్టి, గోనెసంచిలో వేసి అటక ఎక్కించాడు. సొరుగుల్లో వక్కలు, కత్తెర, దారపు ఉండలు, కళ్ళజోడు గుడ్డ పెట్టుకున్నాడు.

ఇరవై రోజులకు గ్రంథాలయం మెరిసిపోయింది. దారిన పోయేవాళ్ళు కూడా లోపలికి తొంగి చూసి "అబ్బ!" అని వెళ్ళారు. ఉల్లిపొర రంగు అరలో పాము కాటు వైద్యమూ, పెళ్ళి పాటలూ, బీజగణితమూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నాయి. రోజూ పేపరు చదవడానికి వచ్చే దాసుగారు మాత్రం, "ఏమయ్యా, నేను సగం చదివిన కాశీయాత్ర పుస్తకం ఏదీ?" అని అడిగాడు.

"ఏ రంగండీ?"

"రంగు నాకేం గుర్తు? యాత్ర అయ్యా, యాత్ర!"

"అయితే ఇది తీసుకోండి. గంధం రంగు. మీ పంచెకు బాగా నప్పుతుంది" అని పానకాలు ఒక పుస్తకం చేతిలో పెట్టాడు. అది కోళ్ళ జబ్బుల పుస్తకం. దాసుగారు దాన్ని బల్ల మీద పెట్టేసి, పేపరు దగ్గరికే వెళ్ళిపోయాడు.

కమిటీ అధ్యక్షులు ఒకరోజు వచ్చి చూసి మురిసిపోయారు. "పానకాలుగారూ, వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మీకు శాలువా కప్పి సన్మానం చేస్తాం" అన్నారు. పానకాలుకు గుండె నిండిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఊరందరి భుజాల మీదా బట్టలు కప్పి చూపించాడే గానీ, ఆయన భుజం మీద ఎవరూ ఏదీ కప్పలేదు. ఆ శాలువా ఏ రంగుదై ఉంటుందా అని ఇంటికెళ్ళే దారంతా ఆలోచించాడు.

సరిగ్గా ఆ మర్నాడే నాంచారమ్మ వచ్చింది.

నాంచారమ్మ గ్రంథాలయం వెనక వీధిలో ఉంటుంది. పెరట్లో ఆరు తేనెటీగల పెట్టెలు పెట్టుకుని, ఆ తేనెతోనే ఇల్లు నడుపుకుంటోంది. ఆమెకు ఆ విద్య నేర్పింది కూడా ఈ గ్రంథాలయమే. నాలుగేళ్ళ కిందట గేదెకు జబ్బు చేస్తే గేదెల పుస్తకం కోసం వచ్చింది. హైమవతి చూపించిన అరలో గేదెలు, మేకలు, కోళ్ళు వరసగా ఉన్నాయి. అదే వరసలో ఇంకో జానెడు అవతల అట్ట ఊడిపోయిన తేనెటీగల పుస్తకం కనపడింది. సరదాగా తీసుకెళ్ళింది. గేదె బతకలేదు గానీ తేనెటీగలు ఆమెను బతికించాయి.

"బాబాయ్‌గారూ, ఆరువందల ముప్పై ఎనిమిది కావాలి" అంది నాంచారమ్మ వస్తూనే. ఆ నెంబరు ఆమెకు తన ఇంటి నెంబరులాగే నోటికొచ్చు.

"ఆ లెక్కలన్నీ ఎత్తేశానమ్మాయ్. ఇప్పుడు అన్నీ రంగులే. నీకేం రంగు కావాలి?"

"రంగేంటి బాబాయ్? తేనెటీగల పుస్తకం. ఒక పెట్టెలో ఈగలు నిన్న లేచిపోయినయ్. తెరిచి చూస్తే పట్టులో తెల్లటి పురుగులు, బూజులాగా గూళ్ళు కట్టినయ్. ఈగలు లేచిపోతే ఏం చెయ్యాలో ఆ పుస్తకం చివర్లో ఉంది. అప్పుడు అవసరం లేక చదవలేదు."

"తేనె అంటే పసుపు రంగై ఉంటుంది" అని పానకాలు పసుపు అరలన్నీ గాలించాడు. దొరకలేదు. కొట్లో ఆయన ఏనాడూ 'లేదు' అనే మాట అని ఎరగడు. అందుకని ఒక ముదురు నీలం పుస్తకం తీసి, చీర మడత విప్పినట్టు పుటలు విప్పి చూపించాడు. "అది లేదు గానీ, దాని తాతలాంటిది ఇది. కొత్త సరుకు. తీసుకెళ్ళు."

నాంచారమ్మ ఇంటికెళ్ళి చూసుకుంటే అది వాస్తు పుస్తకం.

రెండోరోజు మళ్ళీ వచ్చింది. దొరకలేదు. రెండు పెట్టెలు ఖాళీ. నాలుగోరోజు వచ్చింది. అప్పటికి మూడు. "బాబాయ్, దయచేసి వెతకండి. దానికి అట్ట ఊడిపోయి ఉంటుంది. హైమవతమ్మగారు పురికొస కట్టి ఇచ్చేవారు" అని బతిమాలింది. పానకాలు వంగపండు రంగు బీరువా వంక చూశాడు. నాలుగువందలు. పేరు లేనివి. అన్నీ విప్పి చూస్తే మెరుపు కాగితం నలిగిపోతుంది. శనివారం సన్మానం ఉంది. "సోమవారం చూద్దాంలేమ్మా" అన్నాడు.

సోమవారం దాకా ఈగలు ఆగుతాయా? శుక్రవారానికి ఐదు పెట్టెలు ఖాళీ అయ్యాయి. మిగిలింది ఒకటే.

శనివారం పన్నెండింటికి పానకాలు తోరణం కడుతున్నాడు. దాసుగారు పేపరు చదువుతున్నాడు. ఎక్కడో మర ఆడుతున్నట్టు ఝుమ్మని చప్పుడు. చూస్తుండగానే కిటికీలోంచి నల్లటి గుంపు ఒకటి లోపలికి దూరింది. గదంతా రెండు చుట్లు చుట్టి, సరిగ్గా వంగపండు రంగు బీరువా పైఅంచుకు గుమ్మడికాయంత వేలాడింది. దాసుగారు పేపరు నెత్తిన కప్పుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంత వేగంగా పరుగెత్తగలడని ఆ ఊరికి ఆ రోజే తెలిసింది.

వెనకాలే నాంచారమ్మ రొప్పుతూ వచ్చింది. "నా ఈగలే బాబాయ్! ఆఖరి పెట్టెవి! ఎవరూ ఏమీ చెయ్యకండి!"

"పొగ పెడదాం!" అని వీధిలోంచి ఎవరో అన్నారు. "మందు కొడితే సరి!" అన్నారు ఇంకొకరు.

నాంచారమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇవి కాస్తా పోతే నాకింకేం లేదు బాబాయ్. కాసేపు ఇక్కడ ఆగుతాయి. సాయంత్రం లోపల మళ్ళీ లేచి ఎటో పోతాయి. వాటిని ఎట్లా దించాలో, దించినా మళ్ళీ లేచిపోకుండా ఏం చెయ్యాలో ఆ పుస్తకంలోనే ఉంది. మొదటిరోజు అది నా చేతిలో పడుంటే మిగతా ఐదు పెట్టెలూ నిలిచేవి."

పానకాలుకు ఆ మాట చురుక్కున తగిలింది. ఆయన మంచివాడే సుమండీ. పిచ్చివాడే గానీ మంచివాడు. మూడుసార్లు వచ్చిన మనిషిని రంగులు చూపించి పంపించానే అని మొదటిసారి సిగ్గుపడ్డాడు. వెంటనే హైమవతికి ఫోన్ చేశాడు. అవతల చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"తేనెటీగల పుస్తకమా? ఆరువందల ముప్పై ఎనిమిది. కిటికీ పక్క అర, మూడో వరస" అంది హైమవతి కళ్ళెదురుగా చూస్తున్నట్టు.

"అమ్మా... ఆ నెంబర్లు... కొంచెం శుభ్రం చేశాను."

"శుభ్రం అంటే?"

"ఒలిచేశాను."

అవతల చంటిపిల్ల ఏడుపు ఇంకాస్త పెరిగింది.

"ఎన్నిటివి?" అంది హైమవతి.

"అన్నిటివీ."

చంటిపిల్ల కూడా ఊరుకుంది. హైమవతి గట్టిగా ఊపిరి తీసుకుని, "తిట్టడానికి తర్వాత టైముంటుంది. కార్డులున్నాయా?" అంది.

"ఉన్నాయి. కట్టలు కట్టి అటక మీద పెట్టాను."

"బతికించారు. 'తే' అక్షరం కట్ట తీయండి. కార్డు మొత్తం చదవండి నాకు."

గోనెసంచి దించారు. కట్ట దొరికింది. కార్డూ దొరికింది. పానకాలు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. పుస్తకం పేరుంది. రాసినాయన పేరుంది. నెంబరు ఉంది. ఇంటి నెంబరు ఉండి ఏం లాభం, వీధినే పీకేశాడు కదా! చివరి వరస మీద వేలు పెట్టి మరీ చదివాడు. "నూట నలభై రెండు పుటలు. ఎత్తు పద్దెనిమిది సెంటీమీటర్లు."

"చూశారా!" అంది హైమవతి. "ఇంకేమీ దొరక్కపోయినా ఇదన్నా పనికొస్తుందని ఎవరో ఓపిగ్గా కొలిచి రాశారు."

పానకాలు ఫోన్ పెట్టేశాడు. అట్ట ఊడినవన్నీ వంగపండు రంగు బీరువాలో ఉన్నాయి. అందులో పుస్తకాలు ఎత్తు ప్రకారమే ఉన్నాయి. పద్దెనిమిది సెంటీమీటర్లంటే కింది నుంచి రెండో అర. మిగతా మూడువందల అరవై వదిలెయ్యొచ్చు. ఇబ్బందల్లా ఒకటే. ఆ బీరువా నెత్తిన గుమ్మడికాయంత ఈగల గుంపు వేలాడుతోంది.

"నేను పోతా బాబాయ్" అంది నాంచారమ్మ.

"నువ్వు పోతే నీకు పుస్తకం తెలుస్తుందా? కాగితం తొడిగింది నేను. నా వేళ్ళకు తెలుస్తుంది" అని, పానకాలు గోనెసంచి నెత్తిన వేసుకుని, నేల మీద పాకుతూ లోపలికి వెళ్ళాడు. వీధిలో జనం కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు. ఆయన రెండో అర దగ్గర కూర్చుని, ఒక్కొక్క పుస్తకాన్నీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మందం చూశాడు. ఇది ఎనభై పుటలు. ఇది రెండువందలు. ఇది నూట ఇరవై. అంతలో ఒక ఈగ వచ్చి ఆయన ముక్కు కొస మీద వాలింది. "కదలకండి బాబాయ్!" అని నాంచారమ్మ గుమ్మంలోంచి గుసగుసలాడింది. ఆయన కదల్లేదు. అయినా అది కుట్టింది.

పానకాలు నోరు మెదపకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగా తడిమాడు. మొదట తీసింది జ్యోతిషం. రెండోది బావుల తవ్వకం. మూడో పుస్తకానికి కాగితం చించగానే మొదటి పుటలో తేనెటీగ బొమ్మ కనపడింది. దాన్ని గుండెకు హత్తుకుని, వచ్చినట్టే వెనక్కి పాకుతూ వచ్చాడు.

నాంచారమ్మ చివరి అధ్యాయం తీసి చకచకా చదివింది. పట్టులో గూడు కట్టేవి మైనపు పురుగులట. నల్లబడ్డ పాత పట్టులు తీసి తగలబెట్టాలి. పెట్టె అడుగుపలక గీకి, కడిగి, ఎండబెట్టాలి. గుంపు మీద నీళ్ళు చిలకరిస్తే ఈగలు ఎగరలేవు. అప్పుడు మెల్లగా తట్టలోకి దించి, గుడ్డ కప్పి తీసుకుపోవాలి. శుభ్రం చేసిన పెట్టెలో వదిలి, రాణి ఈగ బయటికి పోకుండా పెట్టె గుమ్మానికి సన్న జాలీ అడ్డం పెట్టి, చక్కెర పాకం పెట్టాలి.

"ఇంతేనా!" అంది నాంచారమ్మ. ఆ మాటలో ఐదు ఖాళీ పెట్టెల దుఃఖం ఉంది. పానకాలు తల దించుకున్నాడు.

ఆమె ఇంటికి పరుగెత్తి పెట్టె కడిగి ఎండలో పెట్టి, తట్టతో తిరిగొచ్చేసరికి నాలుగు కావచ్చింది. నీళ్ళు చిలకరించింది. పసిపిల్ల తల నిమిరినట్టు చేత్తో నిమురుతూ గుంపును తట్టలోకి దించింది. సరిగ్గా అప్పుడే అధ్యక్షులు పూలదండతో, పళ్ళెంలో శాలువాతో నలుగురిని వెంటబెట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టారు.

"గుడ్డ! ఎవరన్నా గుడ్డ ఇవ్వండి, లేచిపోతాయి!" అని అరిచింది నాంచారమ్మ.

పానకాలు పళ్ళెం వంక చూశాడు. శాలువా నెమలికంఠం రంగు. జరీ అంచు. ఆయన కల్లో వచ్చిన రంగే. ఒక్క క్షణం దాన్ని వేళ్ళతో తడిమాడు. చటుక్కున విప్పి, ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటుతో గాల్లో ఒక్క విసురు విసిరి, తట్ట మీద కప్పేశాడు.

"అయ్యో, అది మీ సన్మానానికి కదండీ!" అన్నారు అధ్యక్షులు.

పానకాలు ముక్కు అప్పటికి మిరపబజ్జీ అంత అయింది. "నాకు సన్మానమేమిటండీ! నేను సర్దుతుంటే చూసేవాళ్ళకు అందంగా ఉంది. కావాల్సినవాళ్ళకు మాత్రం దొరకలేదు. నా మూలాన ఈ అమ్మాయి నాలుగు పెట్టెలు ఖాళీ అయినయ్. సన్మానం చేస్తే ఆ కార్డు మీద ఎత్తు కొలిచి రాశారే, వాళ్ళకి చెయ్యండి" అన్నాడు.

హైమవతి వచ్చాక ఇద్దరూ కూర్చుని మూడువేల పుస్తకాలకూ మళ్ళీ చీటీలు అంటించారు. రెండు నెలలు పట్టింది. ఆవిడ తిట్టాల్సినవన్నీ ఆ రెండు నెలల్లో విడతలవారీగా తిట్టింది. పానకాలు ఒక్కటీ కాదనకుండా పుచ్చుకున్నాడు. ఆ నెంబర్ల లెక్కలో మనిషికి ఇంతవరకు తెలిసిందంతా పది వీధులుగా విడదీశారనీ, వీధికి పది సందులనీ, సందుకు పది గుమ్మాలనీ అప్పుడు తెలుసుకున్నాడు. గేదెలకు రెండు గుమ్మాల అవతల తేనెటీగలు, తేనెటీగలున్న గుమ్మంలోనే పట్టుపురుగులు.

"పట్టుపురుగులా! నా చీరలన్నీ వీటి పుణ్యమేనా!" అని పానకాలు ఆ పుస్తకం పట్టుకుని అక్కడే కూలబడి, సాయంత్రం దాకా చదివాడు. తేనెటీగల పుస్తకం పెట్టబోయి పక్కదాన్ని చూశాడు మరి. నాంచారమ్మకు నాలుగేళ్ళ కిందట జరిగిందే ఆయనకూ జరిగింది.

నాంచారమ్మ ఆఖరి పెట్టె నిలబడింది. మరుసటి ఏడు ఆ ఒక్క గుంపునూ విడదీసి మూడు చేసింది. మొదటి తేనె సీసా గ్రంథాలయానికే తెచ్చిచ్చింది. శాలువా కూడా తెచ్చింది గానీ, దాన్నిండా మైనం మరకలు. పానకాలు అలాగే భుజాన వేసుకుని ఊరంతా తిరిగాడు.

ఆ రోజు ఇంటికి రాగానే ఆయన తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. శేషమ్మ గరిటె ఎత్తి, "మళ్ళీ ఏం సర్దుతారు?" అంది.

"ఏమీ సర్దను. ఉప్పు డబ్బా ఎక్కడుంటే నీ చేతికి అందుతుందో చెప్పు. అక్కడ పెడతాను" అన్నాడు పానకాలు.

శేషమ్మ ఆశ్చర్యంతో గరిటె కింద పెట్టి, పొయ్యి పక్క గూడు చూపించింది.

నీతి: మన కంటికి ముచ్చటగా పేర్చుకుంటే అది సర్దడం కాదు, వెతుక్కుంటూ వచ్చినవాళ్ళ చేతికి అందేలా పెడితేనే వస్తువైనా, విద్యైనా సర్దినట్టు.